ఫిల్మ్ డబ్బా మీది వెండి గళ్ళు: కెమెరాకు ఐఎస్ఓ ఎవరు చెప్తారు?

“అన్నా, మా నాయన కెమెరా బీరువాలో దొరికింది, సెల్ వేస్తే పని చేస్తాంది, కానీ ఐఎస్ఓ తిప్పే చక్రం యాడా కనపడలేదు, రీలు ఎట్లా వేసేది?” ఫిల్మ్ మీద మళ్ళీ మోజు పుట్టిన కడప పిల్లలు ఈ మధ్య నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. చక్రం కనపడకపోవడానికి కారణం సింపుల్, అది అసలు లేదు. 1980ల చివర్నుంచి వచ్చిన చాలా కాంపాక్ట్ కెమెరాల్లో దాన్ని పెట్టనే లేదు. మీరు వేసిన ఫిల్మ్ ఏదో కెమెరా తనంతట తానే చదువుకుంటుంది. డబ్బా మీద నలుపు, వెండి రంగుల్లో చిన్న చిన్న గళ్ళు ఉంటాయి చూడండి, చాలామంది అది డిజైన్ అనుకుంటారు, ఆ గళ్ళనే చదువుతుంది. దీని పేరు డీఎక్స్ కోడ్.

ఇది చదవడం రానంతకాలం కెమెరా ఏమనుకుంటే అదే ఫోటో. చదవడం వస్తే ఆ చక్రం లేని కెమెరాను కూడా మీ మాట వినేలా చేసుకోవచ్చు, దానికి ఒక బ్లేడు, ఒక ముక్క టేపు చాలు. అక్కడి దాకా వెళ్ళాలంటే ముందు కొంచెం వెనక్కి పోవాలి.

ఐఎస్ఓ అంటే ఫిల్మ్ వెలుతురును ఎంత త్వరగా పట్టుకుంటుందో చెప్పే అంకె. 100 కంటే 200 రెట్టింపు, 400 నాలుగు రెట్లు. ఒక్కో రెట్టింపును ఒక స్టాప్ అంటారు. మే నెలలో మిట్టమధ్యాహ్నం గండికోటలో పెన్నా లోయ అంచున నిలబడి ఎదుటి రాతిగోడను తీస్తున్నారనుకుందాం. ఆ ఎండకి లెన్సు కంతను ఎఫ్16 దగ్గర పెడితే, 100 ఫిల్మ్‌కి షట్టర్ సెకనులో 125వ వంతు తెరుచుకుంటే సరిపోతుంది, 400 ఫిల్మ్ అయితే సెకనులో 500వ వంతు కావాలి. అక్కడినుంచి నాలుగడుగులు వేసి మాధవరాయ గుడి మండపంలోకి వెళ్తే లెక్క మొత్తం మారిపోతుంది. కెమెరాలో ఉన్న మీటరు బయట వెలుతురు ఎంతుందో కొలుస్తుంది, అంతవరకే దానికి చేతనయ్యేది. లోపల చుట్టుకుని కూర్చున్న ఫిల్మ్ వందదో నాలుగువందలదో దానికి ఎవరో ఒకరు చెప్పాలి.

ఒకప్పుడు చెప్పేది మనమే. పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్ఎమ్10 లాంటి కెమెరాలు వాడినవాళ్ళకు ఈ అలవాటు వేళ్ళలోనే ఉంటుంది: రీలు ఎక్కించు, మూత వెయ్యి, ఐఎస్ఓ చక్రం తిప్పు. పాత ఎస్ఎల్ఆర్‌ల (లెన్సు మార్చుకునే పెద్ద కెమెరాల) వెనక మూత మీద చిన్న లోహపు చట్రం కూడా ఉండేది, ఫిల్మ్ అట్టపెట్టె చివరి రెక్క చింపి అందులో దోపేవాళ్ళు, లోపల ఏ రీలు ఉందో గుర్తుండాలని. అయినా మర్చిపోయేవాళ్ళు. పగలు ఎదురుకోలుకు 100 రీలు, తెల్లవారుజామున ముహూర్తానికి 400 రీలు, మధ్యలో పెళ్ళివాళ్ళ హడావుడి, చక్రం మాత్రం 100 దగ్గరే ఉండిపోతుంది. పెళ్ళిళ్ళు తీసే ఫోటోగ్రాఫరుకే ఇంత టెన్షన్ అయితే ఏడాదికి రెండు రీళ్ళు తీసే ఇంటాయన సంగతి చెప్పక్కర్లేదు. కంపెనీల లెక్కలో అసలు గిరాకీ ఆ ఇంటాయనే. ఆయన తప్పుగా సెట్ చేసి, ఫోటోలు పాడైతే ఫిల్మ్‌ని తిడతాడు, ఇంకోసారి కొనడు.

అందుకే మనిషి చేతిలోంచి ఈ పని తీసేయాలన్న ఆలోచన డీఎక్స్ కంటే చాలా ముందే వచ్చింది. కొడాక్ 1963లో ఇన్‌స్టామాటిక్ కెమెరాలతో పాటు 126 అనే ప్లాస్టిక్ కార్ట్రిడ్జ్ తెచ్చింది, దాని అంచున ఒక గాడి ఉండేది, ఆ గాడి ఎక్కడ ఉందన్నదాన్నిబట్టి కెమెరా ఫిల్మ్ వేగం తెలుసుకునేది. 1972లో వచ్చిన బుల్లి 110 కార్ట్రిడ్జ్‌లోనూ ఇలాంటి ఏర్పాటే, కాకపోతే ఎక్కువ వేగమా తక్కువ వేగమా అన్నంతవరకే. ఈ రెండూ కొత్తగా పుట్టిన కార్ట్రిడ్జ్‌లు కాబట్టి గాడి ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోగలిగారు. 35 ఎంఎం డబ్బా అలా కాదు. అది 1934 నుంచి ఉన్నది, లోకంలో ఉన్న కోట్ల కెమెరాల్లో అదే సైజులో కూర్చోవాలి, దాని ఆకారం వెంట్రుకవాసి మార్చినా పాత కెమెరాలన్నీ మూలపడతాయి. ఆకారం ముట్టుకోకుండా సమాచారం ఎక్కించాలంటే మిగిలింది ఒకటే చోటు, డబ్బా మీది రంగు.

1983లో కొడాక్ చేసింది అదే. డబ్బా ఎలాగూ రేకుతో చేసింది, దానిమీద ఎలాగూ పెయింట్ వేస్తారు. కొన్ని గళ్ళలో పెయింట్ వేయకుండా వదిలేస్తే అక్కడ రేకు బయటికి కనిపిస్తుంది, కరెంటు పారుతుంది. పెయింట్ ఉన్నచోట పారదు. కొత్త విడిభాగం ఒక్కటి లేదు, ఖర్చు దాదాపు సున్నా, పాత కెమెరాలకు దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు. మిగతా కంపెనీలు కూడా త్వరగానే ఒప్పుకున్నాయి, తర్వాత అది అంతర్జాతీయ ప్రమాణంలోకీ ఎక్కింది. 1985లో వచ్చిన మినోల్టా 7000 లాంటి ఆటోఫోకస్ ఎస్ఎల్ఆర్‌లు డీఎక్స్‌ని చదువుతూనే, కావాలంటే చేత్తో మార్చుకునే వీలూ ఉంచాయి. కాంపాక్ట్‌ల వాళ్ళు మాత్రం చదివే పిన్నులు పెట్టి, మార్చే బటన్ తీసేశారు. అసలు తప్పు అక్కడ జరిగిందని నా అభిప్రాయం. కోడ్ మంచిదే, కోడ్ తప్ప వేరే దారి లేకుండా చేయడమే బాగోలేదు.

ఇక్కడ చాలామంది తికమకపడే విషయం ఒకటుంది. డీఎక్స్ అంటే ఒకే కోడ్ కాదు, మూడు. మూడూ మూడు వేర్వేరు చోట్ల ఉంటాయి, చదివేవీ వేర్వేరు యంత్రాలు. డబ్బా మీది గళ్ళు కెమెరా కోసం. అదే డబ్బా మీద ఫిల్మ్ బయటికి వచ్చే పెదవి పక్కన ఒక బార్‌కోడ్ ఉంటుంది, అది ల్యాబ్ కోసం. మూడోది ఫిల్మ్ అంచు మీదే ఉంటుంది, కడిగితే తప్ప కంటికి కనపడదు, అదీ ల్యాబ్ కోసమే. ఇంటర్నెట్‌లో “డీఎక్స్ కోడ్ గీకితే ల్యాబ్‌లో గొడవ అవుతుందా” అని భయపడేవాళ్ళు ఈ మూడింటినీ కలిపేసుకుంటున్నారు. గళ్ళు గీకితే ల్యాబ్‌కి ఏమీ తెలియదు, బార్‌కోడ్ గీకితే కెమెరాకు ఏమీ తెలియదు.

ముందు గళ్ళ సంగతి. ఒక డబ్బా చేతిలోకి తీసుకుని చూడండి. రెండు వరుసలు, వరుసకు ఆరు గళ్ళు, మొత్తం పన్నెండు. పై వరుసలో 1 నుంచి 6, కింది వరుసలో 7 నుంచి 12 అని నంబర్లు వేసుకుందాం. 1, 7 ఎప్పుడూ వెండి రంగులోనే ఉంటాయి, ఏ ఫిల్మ్ అయినా సరే. కరెంటు ప్రయాణం అక్కడ మొదలవుతుంది, మామూలు భాషలో ఎర్త్ అనుకోండి. కెమెరాలో డబ్బా కూర్చునే గదిలో బంగారు పూత పూసిన చిన్న స్ప్రింగు పిన్నులు ఉంటాయి, డబ్బా పెట్టి మూత వేయగానే అవి గళ్ళకు ఆనుకుంటాయి. ఎర్త్ గడి నుంచి రేకు గుండా వేరే పిన్నుకు కరెంటు చేరితే అక్కడ “ఉంది”, పెయింట్ అడ్డుపడితే “లేదు”. కెమెరాకు తెలిసిన భాష అంతే.

2 నుంచి 6 వరకు ఉన్న ఐదు గళ్ళలో ఐఎస్ఓ దాగి ఉంది. ఇక్కడి తెలివి నాకు చాలా నచ్చుతుంది, అందుకే కొంచెం నిదానంగా చెప్తా. అంగట్లో ఒక కిలో, రెండు కిలోలు, నాలుగు కిలోల రాళ్ళు మూడే ఉన్నాయనుకోండి. వాటిని కలిపీ విడదీసీ సున్నా నుంచి ఏడు వరకు ఏ తూకమైనా వేయొచ్చు. 2, 3, 4 గళ్ళు ఆ రాళ్ళే. రెండో గడి వెండి అయితే ఒకటి, మూడో గడి వెండి అయితే రెండు, నాలుగో గడి వెండి అయితే నాలుగు. మొదలు 25 ఐఎస్ఓ. వచ్చిన మొత్తం ఎంతో అన్నిసార్లు దాన్ని రెట్టింపు చేసుకుంటూ పోవాలి. మూడో గడి ఒక్కటే వెండి అయితే రెండు, అంటే 25 రెండుసార్లు రెట్టింపు, 100. రెండు, మూడు రెండూ వెండి అయితే మూడు, అంటే 200. నాలుగోది ఒక్కటే అయితే నాలుగు, 400. రెండు, నాలుగు కలిస్తే ఐదు, 800. మూడూ వెండి అయితే ఏడు, 3200.

మరి 125, 160, 64 లాంటి మధ్య అంకెలకు? వాటి కోసం 5, 6 గళ్ళు. ఐదోది వెండి, ఆరోది నలుపు అయితే పైన వచ్చిన అంకె ఉన్నదున్నట్టే. ఐదోది నలుపు, ఆరోది వెండి అయితే ఒక మూడోవంతు స్టాప్ ఎక్కువ, 100 కాస్తా 125. రెండూ వెండి అయితే మూడింట రెండు వంతులు ఎక్కువ, 160. రెండూ నలుపు అన్న జత మాత్రం వాడరు. సున్నా నుంచి ఏడు దాకా ఎనిమిది మొత్తాలు, ఒక్కోదానికి మూడు మెట్లు, మొత్తం 24 వేగాలు, 25 నుంచి 5000 దాకా. ఐదు గళ్ళతో 32 రకాలు రాయగలిగినా 24 మాత్రమే వాడటం వృథా అనిపిస్తుంది గానీ, ఆ పక్కన పెట్టిన “రెండూ నలుపు”కే అసలు ఉపయోగం ఉంది. అలా కనిపిస్తే కెమెరాకు ఇది కోడ్ లేని డబ్బా అని తెలిసిపోతుంది.

కాబట్టి 200 డబ్బా పై వరుస ఇలా ఉంటుంది: వెండి, వెండి, వెండి, నలుపు, వెండి, నలుపు. 100 డబ్బా: వెండి, నలుపు, వెండి, నలుపు, వెండి, నలుపు. 400 డబ్బా: వెండి, నలుపు, నలుపు, వెండి, వెండి, నలుపు. డబ్బాను ఎటు పట్టుకోవాలో, ఏది పై వరుసో అర్థం కాకపోతే ఒక కిటుకు. ఒకే కంపెనీవి, రెండూ 36 ఫోటోలవే, ఒకటి 200, ఒకటి 400 పక్కపక్కన పెట్టండి. తేడాగా ఉన్నది వేగం వరుస. పైనా కిందా రెండూ వెండిగా ఉన్న చివర మొదటి గడి.

పిన్నులు ఎన్ని ఉన్నాయన్నదాన్నిబట్టి మీ కెమెరా ఎంత చదువుకుందో చెప్పేయొచ్చు. వెనక మూత తీసి డబ్బా పెట్టే గదిలోకి తొంగిచూడండి. వేగం వరుసకు ఐదారు పిన్నులు కనిపిస్తే బాగా చదివే కెమెరా. రెండే ఉంటే, ఒకటి ఎర్త్‌కి పోగా మిగిలిన ఒక్క పిన్ను సాధారణంగా నాలుగో గడిని చూస్తుంది. పైన లెక్క మళ్ళీ చూడండి, నాలుగో గడి వెండి అయ్యేది 400, ఆపైన ఉన్న ఫిల్మ్‌లకే, 320 దాకా అన్నింటికీ అది నలుపే. ఒక్క పిన్నుతో “నాలుగువందల పైనా, కిందా” అని తేల్చేస్తుంది. చౌక కెమెరాకు అది చాలు, 100కీ 200కీ అది తేడా చూపించదు, అయినా ఫోటోలు వస్తాయి. ఒక్క పిన్నుతో ఇంత పని చేయించుకునేలా కోడ్ రాసినవాళ్ళను మెచ్చుకోవాలి.

మూడు వేగం పిన్నులే ఉన్న కెమెరాలు 2, 3, 4 గళ్ళు చూసి 5, 6ని వదిలేస్తాయి. అప్పుడు కొడాక్ పోర్ట్రా 160ని 100 అనుకుంటాయి, 64ని 50 అనుకుంటాయి. గమనించారా, ఎప్పుడూ తక్కువ వైపే పొరపడతాయి. ఐఎస్ఓ తక్కువ అనుకుంటే కెమెరా కాస్త ఎక్కువ వెలుతురు ఇస్తుంది, కలర్ నెగటివ్‌కి ఎక్కువ వెలుతురు పడినా పెద్దగా నష్టం లేదు, తక్కువ పడితేనే నీడలు బురదబురదగా వస్తాయి. పిన్నుకు మట్టి పట్టినా ఇదే కథ. మన సీమ దుమ్ముకు పాతికేళ్ళు మూలన పడున్న కెమెరాలో పిన్నులు నల్లబడటం మామూలే. మట్టి అడ్డం వస్తే వెండి గడి కూడా నలుపుగానే చదవబడుతుంది, అంటే ఒక రాయి తక్కువ తూగుతుంది, 200 కాస్తా 100 అవుతుంది, 400 అయితే నాలుగో పిన్ను పని చేయకపోతే ఏకంగా 25 అయిపోతుంది. తిరగబడి ఎక్కువ చదివే అవకాశం పెయింట్ గీసుకుపోతేనే. స్పిరిట్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో పిన్నులు మెల్లగా తుడిస్తే చాలావరకు దారికి వస్తాయి. స్లైడ్ ఫిల్మ్ (నెగటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చే ఫిల్మ్) వాడేవాళ్ళకు మాత్రం ఈ ఊరట లేదు, అక్కడ అర స్టాప్ ఎక్కువైనా తెల్లటి భాగాలు ఎగిరిపోతాయి.

అసలు కోడ్ లేని డబ్బా వేస్తే? చాలా కాంపాక్ట్‌లు 100 అని ఊహించుకుని పని కానిస్తాయి. కొన్ని 25 అనుకుంటాయి. చక్రం ఉన్న ఎస్ఎల్ఆర్‌లు మిమ్మల్నే అడుగుతాయి. మీ కెమెరా మాన్యువల్ పీడీఎఫ్ నెట్‌లో దొరికితే ఈ ఒక్క వాక్యం వెతకండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు పట్టించుకోవాలి అంటే, ఈ రోజుల్లో మన చేతికి వచ్చే రీళ్ళలో చాలా వాటి కోడ్ అబద్ధం చెప్తోంది. ఫ్యాక్టరీలో నింపిన రీలు ధర చూసి గుండె ఆగినంత పనై, చాలామంది చౌకగా దొరికే సినిమా ఫిల్మ్ వైపు వెళ్తున్నారు. 400 అడుగుల డబ్బాల్లో వచ్చే కొడాక్ విజన్3 లాంటి సినిమా ఫిల్మ్‌ని చీకట్లో ముక్కలుగా కత్తిరించి 35 ఎంఎం డబ్బాల్లో చుట్టి అమ్ముతారు. ఆ డబ్బాలు ఎక్కడినుంచి వస్తాయి? ల్యాబ్‌లో రీలు కడగడానికి తీసినప్పుడు లోపలి కడ్డీకి అంటుకుని రెండంగుళాల ఫిల్మ్ ముక్క మిగిలిపోతుంది, అలా పక్కన పడేసిన ఖాళీ డబ్బాలు తెచ్చి, ఆ మిగిలిన ముక్కకే కొత్త ఫిల్మ్ టేపుతో అతికించి లోపలికి చుట్టేస్తారు. పైన కొత్త స్టిక్కర్ వేస్తారు, కొన్నిసార్లు గళ్ళను వదిలేసి వేస్తారు. లోపల 500టి ఫిల్మ్ (బల్బుల వెలుతురు కోసం చేసిన 500 వేగం ఫిల్మ్), గళ్ళు మాత్రం అంతకుముందు ఆ డబ్బాలో ఉన్న ఫిల్మ్ వేగం 100 అనే చెప్తుంటాయి. కెమెరాకు లోపలి ఫిల్మ్‌తో సంబంధం లేదు, రేకు ఏం చెప్తే అదే వేదం. 500 ఫిల్మ్‌ని 100 అనుకుని తీస్తే రెండు స్టాపులు దాటి ఎక్కువ వెలుతురు పడుతుంది, నెగటివ్ కాబట్టి బతికి బయటపడుతుందేమో. దీనికి తిరగేసి, 400 డబ్బాలో 100 ఫిల్మ్ చుట్టి ఇచ్చారనుకోండి, రీలంతా పల్చగా వస్తుంది, మీరేమో కెమెరా చెడిపోయిందని రిపేరుకు తిప్పుతుంటారు. నాకు తెలిసిన ఒకాయనకు సరిగ్గా ఇదే అయింది, అమ్మినాయన ఫోన్ ఎత్తడం మానేశాడు.

కాబట్టి ఎవరో చుట్టిచ్చిన రీలు కొంటే స్టిక్కర్ మీద రాసింది ఒకసారి, గళ్ళు చెప్పేది ఒకసారి చదివి చూసుకోండి. తేడా ఉంటే సరిచేయడం కష్టమేమీ కాదు. నల్ల గడిని వెండి చేయాలంటే బ్లేడు అంచుతో ఆ గడిలో పెయింట్ గీకేయాలి, రేకు మెరిసేదాకా, పక్క గడిలోకి పోకుండా. వెండి గడిని నలుపు చేయాలంటే దానిమీద కరెంటు పనివాళ్ళు వాడే ఇన్సులేషన్ టేపు చిన్న ముక్క గట్టిగా అతికించాలి, మామూలు సెల్లో టేపు కూడా పని చేస్తుంది గానీ అంచులు లేవకుండా చూసుకోండి, కెమెరా లోపల ఊడితే అదో తలనొప్పి. ఉదాహరణకు 100 డబ్బాను 200 చేయాలంటే రెండో గడి ఒక్కటి గీకితే సరి. 400ని 800 చేయాలన్నా రెండో గడే. 200ని 100 చేయాలంటే అదే రెండో గడి మీద టేపు. 200ని 400 చేయాలంటే మాత్రం రెండు, మూడు గళ్ళకు టేపు వేసి నాలుగో గడి గీకాలి. తూకం రాళ్ళ లెక్క గుర్తుంటే ఈ పట్టికలేవీ బట్టీ పట్టక్కర్లేదు. డబ్బా పెదవి దగ్గర నల్ల వెల్వెట్ గుడ్డ ఉంటుంది, గీకిన పొడి అక్కడ చేరితే ఫిల్మ్ పొడవునా గీతలు పడతాయి, గీకాక ఊది, పొడిగుడ్డతో తుడిచి అప్పుడు కెమెరాలో పెట్టండి.

ఇదే కిటుకు కావాలని కూడా వాడొచ్చు. కోడ్ తప్పులేకపోయినా, గడువు దాటిన పాత ఫిల్మ్ దొరికినప్పుడు 200 రీలును 100గా తీయడం మంచిది, వయసుతో ఫిల్మ్ చురుకు తగ్గుతుంది కదా. కడప పెద్ద దర్గా ఉరుసులో రాత్రి దీపాల వెలుగులో ఫ్లాష్ లేకుండా తీయాలనుకుంటే బ్లాక్ అండ్ వైట్ 400ని 800గా తీసి, కడిగేటప్పుడు ఎక్కువసేపు కడిగించుకోవచ్చు, దీన్నే పుష్ చేయడం అంటారు. చక్రం ఉన్నవాళ్ళు చక్రంతో చేసేదాన్ని చక్రం లేనివాళ్ళు బ్లేడుతో చేస్తారు, తేడా అంతే. కాకపోతే ఒకసారి లోపల పెట్టాక మొత్తం రీలు అదే వేగంతో తీయాలి.

కింది వరుస గురించి త్వరగా చెప్పేస్తా. 8, 9, 10 గళ్ళు రీలులో ఎన్ని ఫోటోలో చెప్తాయి: 12, 20, 24, 36, 48, 60, 72, ఇవేవీ కానిది. కొన్ని కెమెరాలు దీన్ని చూసే ఇంకా ఎన్ని మిగిలాయో లెక్కపెడతాయి, చాలావరకు ఇవి అక్కర్లేకుండానే ఫిల్మ్ చివర లాగుడు తగిలినప్పుడు ఆగి వెనక్కి చుట్టేస్తాయి. 11, 12 గళ్ళు ఆ ఫిల్మ్ ఎంత పొరపాటును తట్టుకుంటుందో చెప్తాయి. అర స్టాప్ అటూ ఇటూనా, ఒక స్టాపా, ఎక్కువ వైపు రెండు తక్కువ వైపు ఒకటా, ఎక్కువ వైపు మూడు తక్కువ వైపు ఒకటా, నాలుగే రకాలు. స్లైడ్‌కీ నెగటివ్‌కీ తేడా తెలుసుకుని కెమెరా జాగ్రత్తపడాలన్నది ఆలోచన. మంచి ఆలోచనే, కానీ దాదాపు ఏ కెమెరా దీన్ని పట్టించుకోలేదు. ఎక్కువ వైపు మూడు, తక్కువ వైపు ఒకటి అన్న ఆ నాలుగో రకం చూస్తే మాత్రం, నెగటివ్‌కి ఎక్కువ వెలుతురు పడినా పర్లేదు అని ఇంతకుముందు చెప్పిన మాటను డబ్బా మీదే ముద్రించినట్టుంది.

పెదవి పక్కనున్న బార్‌కోడ్‌తో మనకు పెద్ద పని లేదు. ఆరంకెల నంబరు, దాని కిందే అంకెల్లో కూడా రాసుంటుంది. తయారీదారు, ఫిల్మ్ రకం, చివరి అంకెలో ఎన్ని ఫోటోలో. రోజుకు వేల రీళ్ళు వచ్చే పెద్ద ల్యాబ్‌లలో ఏ రీలు ఏ గంపలోకి పోవాలో యంత్రాలు దీన్ని చూసి వేరుచేసేవి.

ఫిల్మ్ అంచున ఉన్నది మాత్రం ఆసక్తికరం. ఇంట్లో పాత పెళ్ళి ఆల్బమ్ వెనక కవర్లో నెగటివ్ పట్టీలు ఉంటే ఒకటి కిటికీ వెలుతురుకు పట్టి చూడండి. ఒకవైపు రంధ్రాల బయట కంపెనీ పేరు, 12, 12ఏ, 13, 13ఏ అంటూ నంబర్లు ఉంటాయి, వాటి దగ్గరే రెండు వరుసల్లో సన్నటి నిలువు గీతలు. ఒక వరుస క్రమంగా, సమాన దూరాల్లో నడుస్తుంది, ఇంకోటి ఎగుడుదిగుడుగా ఉంటుంది. క్రమంగా ఉన్నది తాళం వేస్తుంది, అసలు సమాచారం రెండోదానిలో ఉంటుంది, ఫిల్మ్ ఏ వేగంతో లాగినా యంత్రం తాళం తప్పకుండా చదవడానికి ఈ ఏర్పాటు. అందులో ఫిల్మ్ నంబరు, తర్వాతి రోజుల్లో తయారైన ఫిల్మ్‌లలో ఫ్రేమ్ నంబరు కూడా, ప్రతి అర ఫ్రేముకూ ఒకసారి రాసి ఉంటుంది. 12, 12ఏ అని సగాలు ఎందుకున్నాయో చాలామంది అడుగుతారు, మీ కెమెరా మొదటి ఫోటోను సరిగ్గా ఫ్యాక్టరీ నంబరు దగ్గరే మొదలుపెడుతుందన్న గ్యారంటీ లేదు కదా, రెండు నంబర్ల మధ్యలో పడ్డ ఫోటోకు ఏదో ఒక పేరు ఉండాలి.

రోడ్డు మీదికొక కలర్ ల్యాబ్ వెలిసిన రోజుల్లో ప్రింట్లు గంటలో చేతికి వచ్చాయంటే అందులో ఈ గీతలకూ వాటా ఉంది. ఒక్కో కంపెనీ నెగటివ్‌కి ఒక్కో రకం నారింజ ఛాయ ఉంటుంది, ప్రింటు వేసే యంత్రం దానికి తగ్గట్టు రంగులు సర్దుకోవాలి, అది ఏ ఫిల్మో అంచున గీతలు చూసి తెలుసుకునేది. సినిమా ఫిల్మ్ చుట్టిన రీళ్ళలో ఈ డీఎక్స్ గీతలు ఉండవు, సినిమావాళ్ళకు కొడాక్ 1990లో తెచ్చిన కీకోడ్ అనే వేరే అంచు కోడ్ ఉంది, ఎడిటింగ్ బల్ల కోసం. మినీల్యాబ్ యంత్రం దాన్ని చూసి తెల్లముఖం వేస్తుంది, ఆపరేటరే చేత్తో రంగులు సరిచేసుకోవాలి. పైగా ఇటీవలి దాకా ఆ ఫిల్మ్ వెనక నల్లటి కార్బన్ పూత ఉండేది, అలాంటి స్టాక్ ఇంకా చేతులు మారుతూనే ఉంది, మామూలు కలర్ మెషిన్‌లో వేస్తే ఆ పూత ఊడి కెమికల్ మొత్తం పాడు చేస్తుంది. చెప్పకుండా ఇవ్వడం అన్యాయం.

అంచు రాతల వల్ల మనకు పనికొచ్చే ఉపయోగం ఇంకోటుంది. ఆ అక్షరాలు, గీతలు ఫ్యాక్టరీలోనే వెలుతురుతో ఫిల్మ్ మీద ముద్రిస్తారు, మీ కెమెరాతో వాటికి సంబంధం లేదు, కడిగినప్పుడు బయటపడతాయి. రీలు మొత్తం ఖాళీగా వచ్చిందనుకోండి. అంచున అక్షరాలు గట్టిగా, స్పష్టంగా ఉంటే కడగడం సరిగ్గానే జరిగింది, ఫిల్మ్ కెమెరాలో కదల్లేదు లేదా షట్టర్ తెరుచుకోలేదు. అంచులు కూడా ఖాళీగా ఉంటే తప్పు కెమికల్‌ది. అక్షరాలు మసకగా ఉంటే కెమికల్ పాతబడిందని అనుమానించొచ్చు. కడిగినాయనతో వాదన పెట్టుకునే ముందు అంచు చూడండి, ఎవరి తప్పో నిమిషంలో తేలిపోతుంది.

1996లో కొడాక్, ఫ్యూజీ, కెనాన్, మినోల్టా, నికాన్ కలిసి ఏపీఎస్ అనే కొత్త ఫిల్మ్ తెచ్చాయి. డబ్బా అడుగున కోడ్ చక్రం, ఫిల్మ్ మీద కనపడని అయస్కాంత పూత, తీసిన తేదీ, ప్రింటు సైజు అన్నీ దానిమీదే రాసుకునేది, డబ్బా చివర గుర్తులు చూస్తే వాడిందా, సగం వాడిందా, కడిగిందా కూడా తెలిసేది. డీఎక్స్‌తో పోలిస్తే ఎంతో ముందడుగు. డిజిటల్ దెబ్బకు 2011కల్లా ఆ ఫిల్మ్ తయారీ ఆగిపోయింది. నయాపైసా ఖర్చు లేని పెయింట్ గళ్ళు మాత్రం ఈరోజు కొన్న రీలు మీద కూడా ఉన్నాయి.

ఇంత చదివాక రీలు గీకి వాడబోతున్నవాళ్ళకు ఒక్క మాట. మూడు కోడ్‌లలో ఏదీ మీరు ఏ ఐఎస్ఓతో తీశారో ల్యాబ్‌కి చెప్పదు. కెమెరా గళ్ళు చదువుతుందే తప్ప ఫిల్మ్ మీద ఏమీ రాయదు, అంచు గీతలు ఫ్యాక్టరీ పుట్టుమచ్చలు, మీరు 400ని 800గా తీసినా అవి 400 ఫిల్మ్ గురించే మాట్లాడతాయి. మన దగ్గర ఇప్పుడు రీలు కడిగేవాళ్ళు అరుదు, చాలామంది బెంగళూరుకో చెన్నైకో కొరియర్ చేస్తున్నారు, అక్కడ విప్పేవాళ్ళకు మీ మొహం తెలియదు. అందుకని రీలు వెనక్కి చుట్టి బయటికి తీయగానే, మర్చిపోకముందే, డబ్బా మీద చెరగని మార్కర్‌తో “400 ఫిల్మ్, 800గా తీసింది, ఒక స్టాప్ పుష్ చేయండి” అని రాయండి, సినిమా ఫిల్మ్ అయితే ఆ మాట ఇంకా పెద్దక్షరాల్లో రాయండి, కొరియర్ కవర్ మీద కూడా.